అద్దకపు షెడ్డులో కృష్ణబిలం

మేడమ్ తెచ్చిన తెల్ల తాను బల్ల మీద దొర్లించగానే అక్క ముందు అంచు చూసింది. తర్వాత రెండు వేళ్ళ మధ్య నలిపింది. ఆఖరికి ఒక మూల మీద నీటిబొట్టు వేసి, అది ఇంకుతుందా, ముత్యంలా నిలబడుతుందా అని తల వంచి చూసింది. నిలబడింది. గంజి వదల్లేదన్నమాట. ఉడకబెట్టి జాడిస్తేగానీ ఈ గుడ్డ రంగు తాగదు.

"ఎంత నలుపు కావాలి?" అన్నాడు ఆమె మొగుడు. నలుపులో ఎన్ని నలుపులున్నాయో అద్దకం వాడికే తెలుసు. నీలం కొట్టే నలుపు, ఎరుపు కొట్టే నలుపు, రెండు ఉతుకులకి బూడిదయ్యే నలుపు.

"గోడకి వేలాడదీస్తే అక్కడ గుడ్డ ఉన్నట్టే తెలియకూడదండీ," అంది మేడమ్. ఆవిడ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతుంది. పిల్లల కోసం సైన్సు ప్రదర్శన పెడుతున్నారట. "చూపు లోపలికి పోవాలి గానీ తిరిగి రాకూడదు. అది బ్లాక్ హోల్ గది. పుస్తకాల్లో కృష్ణబిలం అని రాస్తాం."

రంగు తొట్టి కడుగుతున్న తమ్ముడు చీపురు పక్కన పడేసి వచ్చాడు. అక్కా అని ఆమెని మొదట పిలిచింది వీడే. వీడి నోటినుంచి పట్టుకుని ఇప్పుడు వీధంతా ఆమెని అద్దకం అక్క అంటుంది.

"అదేంటి మేడమ్?"

మేడమ్ రెండు చేతులూ గాల్లో గుండ్రంగా పట్టి, మెల్లగా దగ్గరికి తెచ్చి, పిడికిలి చేసి చూపించింది. పెద్ద నక్షత్రం ఒకటి మండి మండి అయిపోతుంది. లోపలి మంట ఆరాక తన బరువు తనే మోయలేక కుంగిపోతుంది. కుంగి కుంగి ఎంత చిక్కబడుతుందంటే, దాని అంచు దాటి లోపలికి పోయింది ఏదీ వెనక్కి రాదు. వెలుతురు కూడా.

తమ్ముడు తెరిచిన నోరు మూయలేదు. మొగుడు మాత్రం గుడ్డని మూరవేసి కొలుస్తూ, తలెత్తకుండా అడిగాడు. "వెలుతురే బయటికి రాకపోతే, అదుందని మీకు కబురెవరు తెచ్చారు మేడమ్?"

మేడమ్ నవ్వింది. "చాలా మంచి ప్రశ్న," అంది. గుడ్డ వారంలో కావాలని చెప్పి బస్సుకోసం పరిగెత్తింది.

జవాబు చెప్పి పోయినా బాగుండేది. ప్రశ్నని మెచ్చుకుని పోయింది. ఆ మెచ్చుకోలు ఆ రోజంతా మొగుడి మొహమ్మీద ఆరేసిన గుడ్డలా ఊగుతూనే ఉంది.

"చూశావా, చదువుకున్నావిడ దగ్గర కూడా జవాబు లేదు," అన్నాడు, మరిగే నీళ్ళలో గుడ్డని కర్రతో అదుముతూ.

"ఉంది బావా. బస్సు టైమైంది, అంతే," అన్నాడు తమ్ముడు తొట్టి అవతల నుంచి. "నేను ఫోనులో చూశాను. మధ్యలో ఏమీ కనబడదట. దాని చుట్టూ నక్షత్రాలు గిర్రున తిరుగుతున్నాయట. మధ్యలో ఏమీ లేకపోతే దేని చుట్టూ తిరుగుతాయి?"

"మన వీధి కుక్క తన తోక చుట్టూ తను తిరగదూ?"

అక్క నవ్వింది.

"తోకుందిగా బావా!"

అక్క దానికీ నవ్వింది. నవ్వాక ఇద్దరి మొహాలూ చూసి, రెండోసారి నవ్వకుండా ఉండాల్సిందనుకుంది. లేకపోతే మొదటిసారే నవ్వకుండా ఉండాల్సిందేమో.

"ఫోటో కూడా తీశారు," అన్నాడు తమ్ముడు. "భూమ్మీద ఎక్కడెక్కడో ఉన్న పెద్ద పెద్ద యంత్రాలన్నీ కలిపి తీశారు. చుట్టూ నిప్పులాంటి రింగు, మధ్యలో నలుపు."

"నలుపు నేనూ చూపిస్తాను, రంగేసే రోజు తొట్టిలోకి చూడు. నువ్వు చూసింది నీడరా."

"నీడ పడాలంటే ఏదో ఒకటి అడ్డం ఉండాలా వద్దా?"

"పొగకీ పడుతుంది నీడ. పట్టుకో చూద్దాం పొగని."

అక్క సెనగపిండి రంగు నురగని గరిటెతో తీసి పారబోస్తూ వింటోంది. ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ళదే నిజమనిపిస్తోంది. మొగుడు మాట్లాడగానే ఆకాశంలో ఆ చోటు ఖాళీ అయిపోతోంది. తమ్ముడు మాట్లాడగానే మళ్ళీ నిండిపోతోంది. ఇదేం తిప్పలు, అనుకుంది. పొద్దున్న దాకా ఆ పేరే ఎరగం.

అక్కడితో ఆగితే నవ్వులాటగానే పోయేది. మర్నాడు పక్క కొట్టు దర్జీ, నల్లబట్ట ముక్క కోసం వచ్చాడు. తమ్ముడు ఫోను తీసి ఆయనకి ఆ నిప్పుల రింగు చూపించి, "మా బావకి ఇది ఎక్కదు. కళ్ళెదురుగా పెట్టినా లేదంటాడు," అన్నాడు. అన్నది ఎగతాళికే. లోపల రంగుపొడి తూస్తున్న మొగుడు చేతిలో గిన్నె అలాగే పట్టుకుని బయటికొచ్చాడు.

"నీకు తెలిసిందేమిటిరా? ఏ రంగులో ఏది కలవాలో నేను చెప్తే తెలిసింది. ఉప్పెప్పుడు వెయ్యాలో, సోడా ఎప్పుడు వెయ్యాలో నేను చెప్తే తెలిసింది. నాకు తెలీనిది నీకెక్కణ్ణించి వస్తుంది?"

దర్జీ తన చేతిలోని గుడ్డముక్క మీద లేని నూలుపోగు వెతకడం మొదలెట్టాడు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు చూడనిది లోకంలో లేదు. నువ్వు చెప్పనిది నాకు రాదు. అంతేగా బావా?"

"అంతే."

"అయితే ఈ నల్లగుడ్డ అప్పజెప్పి నేను స్టేషను దగ్గర లాండ్రీకి పోతాను. వాళ్ళెప్పట్నించో రమ్మంటున్నారు."

"పో. ఎవరు పట్టుకున్నారు?"

అక్క ఎవరినీ పట్టుకోలేదు. రెండు చేతులూ నీలం రంగులో ఉన్నాయి. తడిసిన తాను ఎత్తడానికి ఇద్దరు కావాలి, నిజమే. ఎత్తే మనిషిని ఎక్కడైనా వెతుక్కోవచ్చు. పొద్దున్నే "అక్కా, టీ అయిందా?" అంటూ తలుపు తోసే గొంతుని ఎక్కణ్ణించి తెస్తుంది? ఆకాశంలో ఎక్కడో, ఉందో లేదో తెలీని ఒక గుంట కోసం ఈ ఇంట్లో మనిషి వెళ్ళిపోవడమా? ఆమెకి ఎంత ఆలోచించినా రెండిటికీ ముడి కలవలేదు.

ఆ పూట నుంచి బావా బావమరుదుల మధ్య మాటల్లేవు. ఉన్నవన్నీ అక్క మీదుగా నడిచాయి.

"ఆ శాస్త్రవేత్తకి చెప్పు, మంట తగ్గించమని." మొగుడు తమ్ముడికి చేతికందే దూరంలో నిలబడి అంటాడు.

"ఒరేయ్, కాస్త మంట తగ్గించాలట," అంటుంది అక్క.

"మంట కళ్ళకి కనిపిస్తోందో లేదో అడుగక్కా. కనబడకపోతే లేనట్టేగా."

"తగ్గిస్తున్నాడు," అని మొగుడికి చెబుతుంది.

రెండు మూడు పూటలు గడిచేసరికి ఆమెకి ఆ పనిలో చెయ్యి తిరిగింది. అటునుంచి వచ్చిన మాటలో ముల్లు తీసి, మిగిలింది ఇటు అందిస్తుంది. ముల్లు తీస్తే ఒక్కోసారి ఏమీ మిగలదు. అప్పుడు తనే ఏదో ఒకటి కలుపుతుంది. "నీళ్ళు బాగా కాచావంటున్నారు మీ బావ." తమ్ముడు నమ్మనట్టు చూస్తాడు, అయినా చెవి అటే వేస్తాడు. అన్నం దగ్గర కూడా ఇద్దరూ ఆమె మొహమే చూసి మాట్లాడారు. ఎవరి పళ్ళెం వాళ్ళు చూసుకుంటూ తినే ఇంట్లో, మాట మాటకీ రెండు జతల కళ్ళు తనవైపు తిరగడం ఆమెకి కొత్తగా ఉంది. వాళ్ళు కొట్టుకుంటుంటే తనకిది బావుండటమేమిటని లోపల కాస్త సిగ్గేసింది కూడా.

"నువ్వు చెప్పు, ఉందా లేదా?" అని మొగుడు ఒంటరిగా దొరికినప్పుడు అడిగాడు.

"నాకేం తెలుసు?"

"నువ్వు చెప్పక్కా," అని తమ్ముడు దండెం దగ్గర అడిగాడు.

"నాకేం తెల్సురా?"

ఇద్దరూ అడిగింది ఆమె అభిప్రాయం కాదు, ఓటు. అది ఆమెకి తెలుసు.

నల్లరంగు వేసే రోజు పొద్దున్నే తొట్టి కింద పొయ్యి రాజేశారు. నీళ్ళు కాగేకొద్దీ ఆవిరి లేచి షెడ్డు రేకుల దాకా నిండింది. నలుపుకి నీళ్ళెక్కువ, గుడ్డెక్కువ, ఆవిరీ ఎక్కువే. తొట్టికి ఈ కొసనున్న మనిషికి ఆ కొసనున్న మనిషి కనబడడు. అందుకే ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. సోడా వేసినవాడు "పడింది!" అని కేకెయ్యాలి. అవతలివాడు "విన్నా!" అనాలి. విన్నా అనే దాకా పడనట్టే. రంగు పొడి, ఆ తర్వాత విడతలుగా ఉప్పు, గుడ్డ రంగుని నిండా తాగాక ఆఖర్న సోడా. సోడా రంగుని గుడ్డలో కట్టేస్తుంది. ముందు పడినా, ఎక్కువ పడినా రంగు ఎక్కడిదక్కడ గడ్డకట్టి కూర్చుంటుంది.

ఉప్పు దాకా అక్క మధ్యలో నిలబడి రెండు కొసలకీ మాట చేరవేసింది. "ఇంకో విడత వెయ్యమంటున్నారు." "వేశాడు." అంతలో ముందు గదిలో గంట మోగింది. ఒకామె పాత కోటు రంగు మార్పించాలని తెచ్చింది. ముదురు ఆకుపచ్చ కావాలంటుంది, అంత ముదురు వద్దంటుంది, నమూనా ముక్కలన్నీ వెలుతురులోకి పట్టుకెళ్ళి చూస్తానంటుంది. అక్క చెవి లోపలే ఉంది. షెడ్డులోంచి కర్ర తొట్టి గోడకి తగిలే చప్పుడు తప్ప కేక వినబడలేదు. ఇంకా టైముందిలే అనుకుంది.

కోటామెని పంపించి లోపలికెళ్ళేసరికి రెండు కొసల దగ్గరా సోడా డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి.

ఏం జరిగిందో తర్వాత ఇద్దర్నీ విడివిడిగా అడిగితే తేలింది. తమ్ముడు తన లెక్కన టైమైందని సోడా వేశాడు. కేకెయ్యలేదు. మాట్లాడని మనిషితో కేకేమిటి? మొగుడికి కేక వినబడలేదు. అలిగి సోడా వెయ్యకుండా ఊరుకున్నాడు కాబోలు వెధవ, అనుకుని తన కొసన తను వేశాడు. అతనూ కేకెయ్యలేదు.

గుడ్డ తీసి జాడించి దండేనికి వేశారు. తడి మీదున్న గుడ్డకి రంగు పేరు పెట్టడం ఆ ఇంట్లో లేదు. తడి అంతా నలుపే. ముగ్గురూ ఎదురుచూశారు. ఎండెక్కేకొద్దీ ఆ నిలువెత్తు నలుపులో ఒకచోట మసక లేచింది. ఇంకోచోట బొగ్గులాంటి మచ్చ. వాటి మధ్య బూడిద చారలు. మధ్యాహ్నానికి దండెం మీద గుడ్డ లేదు, మబ్బు పట్టిన ఆకాశముంది.

"మీ తమ్ముడికి చెప్పు, వాడి బ్లాక్ హోల్ చూసుకోమని."

"మీ ఆయనకి చెప్పక్కా, ఇప్పుడైనా కళ్ళకి కనబడిందా అని."

ఈసారి అక్క ముల్లు తియ్యలేదు. మాట అందించనూ లేదు. కాళ్ళు తుడుచుకుని, చెప్పులేసుకుని, గుడ్డ అంచున ఒక ముక్క కత్తిరించి సంచిలో పెట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నారిద్దరూ.

"కాలేజీకి. గడువడగాలిగా. దాంతో పాటు ఉందో లేదో కూడా అడిగి తేల్చుకొస్తాను. ఈ ఇల్లు నిలబడాలా వద్దా?"

కాలేజీ హాల్లో కిటికీలకి అట్టలు కొడుతున్నారు. మధ్యలో ఒక పెద్ద ఇనప చట్రానికి సాగే గుడ్డ బిగించి ఉంది. దాని నడిమధ్య ఇనప గుండు పెట్టారు. గుండు బరువుకి గుడ్డ గుంటపడి కిందికి జారింది. కుట్టు సరిగ్గా వెయ్యలేదు, ఇంకో రెండు రోజుల్లో విచ్చుతుంది అని అక్క కన్ను ముందు అక్కడికే పోయింది.

మేడమ్ మచ్చల ముక్క చూసి ఏమీ కోప్పడలేదు. ఇంకో మూడు రోజుల్లో ఇమ్మంది. అక్క అయినా కదల్లేదు.

"ఇంకోటి అడగాలి మేడమ్. ఆ బిలం నిజంగా ఉందా? ఒక్క మాటలో చెప్పండి."

మేడమ్ కాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఇది ఊరికే అడుగుతున్నది కాదని తెలిసినట్టుంది.

"ఉంది. నేను నమ్ముతాను. లెక్కలు ఉందంటున్నాయి. నక్షత్రాలు ఉన్నట్టే తిరుగుతున్నాయి. ఫోటో లెక్కకి సరిపోయింది."

"అమ్మయ్య. ఉందని చెప్తాను."

"కానీ," అంది మేడమ్.

అక్క గుమ్మం వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"అక్కడ చాలా బరువైందీ, చాలా చిన్నదీ, కనబడనిదీ ఏదో ఉంది. అందులో గొడవ లేదు. అది అచ్చం మేం లెక్క వేసిన బిలమేనా, దానిలాగే నడిచే ఇంకేదైనానా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తక్కువమందే. వాళ్ళేం పిచ్చివాళ్ళు కారు. ఇక లోపలేముందంటారా, అది ఎవరికీ తెలీదు."

"అంటే మా ఆయన గెలిచినట్టా, తమ్ముడు గెలిచినట్టా?"

మేడమ్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. జేబులోంచి గోళీ తీసి చట్రం అంచున దొర్లించింది. గోళీ గుండు చుట్టూ పెద్ద చుట్టు తిరిగింది, తర్వాత చిన్న చుట్టు, ఇంకా చిన్నది. అక్క చట్రం పట్టుకుని వంగి చూసింది. గోళీ తిన్నగానే పోతున్నట్టుంది. దాని కింద గుడ్డే వంగుతోంది. టక్కున గుండుకి తగిలి ఆగిపోయింది.

"ఇంకోసారి వెయ్యండి," అంది అక్క.

మేడమ్ ఇంకోసారి వేసింది.

ఇంటికి నడుస్తుంటే మేడమ్ చెప్పిన జవాబుని ఎలా చెప్పాలా అని దారంతా సర్దుకుంది. ఉంది అన్న మాట ముందు చెబితే మొగుడు ముడుచుకుంటాడు. కానీ అన్న మాట ముందు చెబితే తమ్ముడు మూట కట్టుకుంటాడు. రెండూ ఒకేసారి చెప్పే నోరు దేవుడు ఎవరికీ ఇవ్వలేదు. మధ్యమధ్యలో ఆ గోళీ వచ్చి అడ్డం పడుతోంది. దాన్ని పక్కకి తోసి మళ్ళీ సర్దుకుంటుంది.

షెడ్డు గుమ్మం దగ్గరే గొంతులు వినబడ్డాయి. రెండు గొంతులు. గబగబా లోపలికెళ్ళింది.

షెడ్డంతా ఆవిరి. మచ్చల గుడ్డని రంగు దించే మందులో వేసినట్టున్నారు, కాలిన అగ్గిపుల్ల వాసన ముక్కులో గుచ్చుకుంది. నానిన తానుని తొట్టిలోంచి ఒక్కడే ఎత్తలేడు. మధ్యలో మాట మోసే మనిషి లేదు. ఎవరో ఒకరు ముందు "పట్టుకో" అనుండాలి. ఎవరన్నారో ఆమెకెప్పుడూ తెలియలేదు.

"అది కాదురా," అంటున్నాడు మొగుడు ఆవిర్లోంచి. "ఉండే ఉంటుందంటున్నాను. ఇప్పుడు నువ్వు నాకు కనబడుతున్నావా? లేదు. కానీ నా చేతిలో గుడ్డ బరువు సగమయింది. అవతల నువ్వు పట్టుకున్నావని నాకు తెలుస్తుందా లేదా?"

"ఎవరో పట్టుకున్నారని తెలుస్తుంది బావా. నేనేనని ఎలా తెలుస్తుంది? కొక్కేనికి తగిలించి నేను బయటికి పోయుండొచ్చుగా?"

"కొక్కెం ఇలా వాగుతుందా?"

"నక్షత్రాలు మాత్రం వాగాయా? లేదేమో బావా. అక్కడ ఇంకేదో ఉందేమో."

"ఒరేయ్, నిన్నటిదాకా ఉందని నా ప్రాణం తీసింది నువ్వు కాదూ?"

"నువ్వు లేదని తీయలేదూ?"

ఒకరి పక్కనుంచి ఇంకొకరు దాటిపోయి, అవతల గట్టు మీద నిలబడి, అంతే గట్టిగా అరుచుకుంటున్నారు. స్టేషను లాండ్రీ మాట ఎవరి నోటా లేదు. అక్క స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది. కావలసింది ఇదే. ఇందుకే ఎండలో పడి అంత దూరం పోయింది. మరి వాళ్ళ దగ్గరికి అడుగు పడదేం? తను పక్కనున్నన్ని రోజులూ వీళ్ళకి మాట్లాడుకునే అవసరం రాలేదు. ముళ్ళు తీసి, తీపి కలిపి, ఇంటిని కాపాడుతున్నాననుకుంది. ఒక్క పూట లేకపోయేసరికి వాళ్ళంతట వాళ్ళే అతుక్కున్నారు. దీనికి సంతోషపడాలా, ఏడవాలా?

"మేడమ్ మూడు రోజులు గడువిచ్చింది," అంది.

"మంచిది," అన్నాడు మొగుడు ఇటు తిరక్కుండా. "ఒరేయ్, అటు తిప్పు."

"తిప్పుతున్నా."

అక్క ఆగింది. వాళ్ళు అడుగుతారని ఆగింది. గుడ్డ రెండు మెలికలు తిరిగింది. బూడిదరంగు నీళ్ళు నేల మీద కారి కాలవలోకి పోయాయి. మేడమ్ ఏమంది అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. సర్దుకుని తెచ్చిన మాట నోట్లో అలాగే ఉంది.

"నన్నెవరూ అడగరా?"

ఇద్దరూ ఆగారు. మధ్యలో మెలివేసిన గుడ్డ నీళ్ళు కారుస్తూ వేలాడింది.

"అవునక్కా, ఏమంది మేడమ్?"

"మేడమ్ సంగతి కాదు. నన్ను."

మొగుడు ఆమెవైపు, తూకంలో తేడా వచ్చినప్పుడు రంగుగిన్నె వైపు చూసినట్టు చూశాడు. "సరే, చెప్పు. ఉందంటావా, లేదంటావా?"

అక్క నోరు తెరిచింది. ఉంది అనబోతే ఉందనిపించలేదు. లేదు అనబోతే లేదనిపించలేదు. ఆ రెండిట్లో ఏదీ తనది కాదు. నోట్లోంచి వచ్చింది ఇంకోటి.

"అందులో పడేదుంటుంది చూడు, ఏ రాయో, నక్షత్రమో... అది అంచు దాటేటప్పుడు, దాటుతున్నానని దానికి తెలుస్తుందా? లేకపోతే తిన్నగానే పోతున్నాననుకుంటుందా?"

తమ్ముడు బావ ఉన్నవైపు తిరిగాడు. బావ చేతిలోని గుడ్డ కొసని ఇంకో మెలిక తిప్పాడు.

"అది... ఆ మేడమ్‌నే అడగాలి," అన్నాడు చివరికి.

"అడుగుతాను. రేపు పొద్దున్నే వెళ్తాను."

"గుడ్డ మేమిద్దరం ఇచ్చొస్తాంలే. నువ్వెందుకు మళ్ళీ?"

"గుడ్డ కోసం కాదు."

"మరి ముందు గదిలో ఎవరుంటారు?"

"మీరిద్దరూ ఉన్నారుగా," అంది అక్క. కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటూ నిలబడింది. ఆమె వెనక, ఆవిర్లో, మెలివేసిన గుడ్డలోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు.